విశాఖలో మధురవాడ వైపు ఇళ్ల ధరలు ఇంతలా పెరిగాయి కదా, ఎప్పట్నుంచో ఉంటున్నవాళ్లకి లాభమేనా? ఇప్పుడు కొమ్మాదిలో ఫ్లాటు కొనొచ్చా?

లాభం అమ్ముకుని వెళ్లిపోయినవాడికి. ఉన్నవాడికి మిగిలేది ఇంటి పన్ను. ఇరవై ఏళ్లు దాటి మధురవాడ పక్కనే పీఎం పాలెంలో ఉంటున్నాను కాబట్టి ఘంటాపథంగా చెబుతున్నాను, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

మేం 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు చుట్టాలంతా "అంత దూరం ఎవరొస్తారయ్యా" అన్నవాళ్లే. హనుమంతవాక దాటితే ఊరు అయిపోయినట్టే లెక్క అప్పట్లో. 2005 ఏప్రిల్లో మా స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు మాత్రం పొద్దున్నే అందరూ మా ఇంట్లో దిగారు, బళ్లు పెట్టుకోడానికి చోటు కావాలని. ఇప్పుడు ఫోన్ చేస్తే కుశలం కూడా అడగరు. "మీ దగ్గర గజం ఎంత నడుస్తోంది?" ఇదే మొదటి మాట.

ఇక్కడ ధర పెరిగేది టీ కొట్టు దగ్గర. 2019 డిసెంబరులో పరిపాలనా రాజధాని అన్నారు, పెరిగింది. రాజధాని రాలేదు, ధర దిగలేదు. భోగాపురం ఎయిర్‌పోర్టు అన్నారు, మళ్లీ పెరిగింది. 2025లో ఋషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం. ఇక కొండ కింద మా వీధిలో రేటు చెప్పేవాడి నోటికి అడ్డే లేదు.

ఆ రోజుల్లోనే వెనకింటివాళ్లు స్థలం డెవలప్‌మెంటుకి ఇచ్చారు. వాళ్లదీ మాదీ కలిపితే పెద్ద బిల్డింగు లేస్తుందని బిల్డరు తరఫున ఒకాయన ఆదివారం పొద్దున్నే మాడుగుల హల్వా డబ్బాతో వచ్చాడు. నన్నూ మా ఆవిడనీ వదిలేసి నేరుగా మా అమ్మ పక్కన కూర్చున్నాడు, ఇల్లు ఆవిడ పేరు మీదుందని ముందే కనుక్కున్నాడు మరి. "పిన్నిగారూ, మీకు రెండు ఫ్లాట్లు, లిఫ్టు, జనరేటరు. చేతినుంచి పైసా పెట్టక్కర్లేదు" అని కోట్లలో అంకె వేసి ఫోన్లో చూపించాడు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "బానే ఉంది బాబూ. మరి కట్టినన్నాళ్లూ మేం ఎక్కడుండాలి?"

"రెండేళ్లు అద్దె మేమే ఇస్తాం పిన్నిగారూ. నెలకి 10 వేలు."

"ఏ ఊళ్లో?"

ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మా మేడ మీద అద్దెకున్నవాళ్లే 14 వేలు ఇస్తున్నారు, ఆ డబ్బు లెక్కపెట్టి తీసుకునేది ఆవిడే. 10 వేలకి ఇల్లెక్కడ దొరుకుతుందో చెప్పమంది. ఆనందపురం అన్నాడు. తగరపువలస అయితే ఇంకా పెద్దిల్లు వస్తుందని ఆశపెట్టాడు. "అంటే మా ఇంటికి విలువొచ్చిందని మమ్మల్ని ఊరవతలికి పొమ్మంటావా నాయనా?" అంది. ఆయన మళ్లీ రాలేదు. హల్వా మాత్రం మేం తిరిగివ్వలేదు, చాలా బావుంది.

మేం పోలేదు గానీ మా అమ్మాయి పోయింది. ఇక్కడే పెరిగింది, ఉద్యోగం ఋషికొండలో, అల్లుడూ సంపాదిస్తాడు. ఇద్దరి జీతాల మీద బ్యాంకు ఇస్తానన్న లోను మా పక్క వీధిలో కొత్త ఫ్లాటుకి చాల్లేదు. చివరికి తగరపువలస దగ్గర కొన్నారు. మనవణ్ని చూడాలంటే హైవే మీద లారీల మధ్య స్కూటరేసుకుని వెళ్లాలి. పిల్లలు దూరమయ్యారని బాధపడితే, "మీకేం సార్, కోటీశ్వరులు" అంటారు ఎదురింటివాళ్లు. వాళ్ల పిల్లలూ దూరంగానే ఉన్నారు.

పన్ను సంగతి అన్నాను కదా. ఇదివరకు అద్దె విలువ మీద వేసేవారు. 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, అది రిజిస్ట్రేషన్ ధరల్ని బట్టి లెక్క కడతారు. పన్ను పెంపు ఏడాదికి 15 శాతానికి మించకూడదన్న పరిమితి పెట్టారు, అదే మహాభాగ్యం అనుకోవాలి. ఇల్లు అమ్మకపోయినా ధర పెరిగిన పాపానికి కట్టాల్సిందే. దానికి తోడు వేసవిలో ట్యాంకరు నీళ్లు. ఇక ఈ ఫ్లాట్ల పేర్లొకటి! 'సీ వ్యూ' అని బోర్డు పెడతారు, బాల్కనీలోంచి చూస్తే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు.

కొమ్మాది గురించి అడిగారు. ఉండటానికైతే కొనండి. రెండేళ్లలో డబుల్ చేసుకుని అమ్ముదామనుకుంటే నన్ను అడక్కండి, టీ కొట్టు దగ్గర అడగండి. కొనేముందు సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో ఉందేమో చూసుకోండి, ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపించే ఈసీ తీయించండి, మీ వాటాకి ఎన్ని గజాల అన్‌డివైడెడ్ షేరు, అంటే బిల్డింగు కింది స్థలంలో భాగం, రాస్తున్నారో దస్తావేజులో చదవండి. నీళ్ల గురించి మాత్రం బిల్డర్ని అడగొద్దు. మే నెలలో వెళ్లి రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో వాచ్‌మన్‌ని అడగండి.