రెండు డిస్కులు, ఒకే ఫైల్‌సిస్టమ్: మౌంట్‌కి ఏ పేరు ఇవ్వాలి?

లినక్స్‌లో రెండు డిస్కుల మీద ఒకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (Btrfs అనే ఫైల్‌సిస్టమ్) చేసుకున్నాక, దాన్ని మౌంట్ చేసేటప్పుడు (అంటే వాడుకోవడానికి ఒక ఫోల్డర్‌కి తగిలించేటప్పుడు) చాలామందికి వచ్చే సందేహమే ఇది: ఒక డిస్కు పేరైన ఎస్‌డీబీ (sdb) ఇవ్వాలా, రెండోదాని పేరైన ఎస్‌డీసీ (sdc) ఇవ్వాలా?

ఏదైనా ఒకటి చాలు. రెండుసార్లు మౌంట్ చేయక్కర్లేదు. బీఎల్‌కేఐడీ (blkid) కమాండ్ కొట్టి చూడండి, రెండు డిస్కులకూ యూయూఐడీ (UUID, ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఒకటే కనిపిస్తుంది. యూయూఐడీ సబ్ (ఒక్కో డిస్కు సొంత గుర్తింపు) మాత్రం వేరు. ఆ ఉమ్మడి యూయూఐడీని బట్టే కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఈ రెండూ ఒకే ఇంటివని గుర్తుపడుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో (fstab, బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసుకునే ఫైల్) కూడా అదే రాయండి, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌కి తారుమారవుతుంటాయి. డిస్కుల్లో ఎంత ఖాళీ ఉందో చూపే డీఎఫ్ (df) కమాండ్‌లో ఒక్క డిస్కు పేరే కనిపిస్తే కంగారు పడకండి, అది మామూలే.

అసలు చిక్కు ఎక్కడంటే, రెండో డిస్కు ఉందని కెర్నల్‌కి ముందే తెలియాలి. మామూలుగా యూడెవ్ (udev, డివైస్‌లను గుర్తించే లినక్స్ సేవ) ఆ పని చూసుకుంటుంది. అది జరగకపోతే మౌంట్ 'ఫైల్‌సిస్టమ్ రకం తప్పు, సూపర్‌బ్లాక్ చెడిపోయింది' అన్నట్టు భయపెడుతుంది. డేటా పోయిందేమోనని టెన్షన్ పడి ఫార్మాట్ చేయకండి! డీమెసేజ్‌లో (dmesg, కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఫలానా డివైస్ కనబడలేదని ఉంటే, 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డివైస్ స్కాన్' నడిపి మళ్లీ మౌంట్ చేయండి.

డిస్కు నిజంగానే పోతే డిగ్రేడెడ్ (ఒక డిస్కు లేకపోయినా మౌంట్ చేయించే) ఆప్షన్ ఉంది. కానీ డేటా రెయిడ్ 1లో (రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ) ఉంటేనే అది అక్కరకొస్తుంది; రెయిడ్ 0 (డేటాని ముక్కలుగా రెండు డిస్కులకూ పంచేది) అయితే ఆశ వదులుకోవడమే. ముందు రీడ్‌-ఓన్లీగా మౌంట్ చేసి, ముఖ్యమైనవి వేరే చోటికి కాపీ చేసుకుని, ఆ తర్వాతే కొత్త డిస్కు పెట్టి రీప్లేస్ చేయండి. డిగ్రేడెడ్‌ని మాత్రం ఎఫ్‌స్టాబ్‌లో శాశ్వతంగా రాసి పెట్టకండి.