ఆ సీడీ పారేయొద్దు అల్లుడూ

ఒరే అల్లుడూ,

బండి మీంచి పడ్డావని తలకు ఎమ్మారై తీస్తే దెబ్బేమీ లేదుగానీ తెల్ల మచ్చలున్నాయన్నారంట, ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, కావచ్చని రిపోర్టులో రాశారంట. మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. ముప్పై ఏండ్లు స్కాన్ రూములో పనిచేసినోణ్ని, నా మాట విను.

నరం మీద మైలిన్ అని ఒక పొర ఉంటుంది, మన బోరు మోటారు వైరు మీద రబ్బరు మాదిరి. ఎంఎస్‌లో మన ఒంటి రక్షణ కణాలే దాన్ని కొరికేస్తాయి. అది లేచిపోయిన చోటే స్కాన్‌లో తెల్ల మచ్చగా కనపడుతుంది. ఏ చోట లేచిపోయిందనేదే లెక్క. కంటి నరం దగ్గరైతే చూపు మసకేస్తుంది, వెన్నుపాములో అయితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇంకోచోట పడితే మనిషికి తెలియనే తెలియదు. ఎప్పుడూ ఏ ఇబ్బందీ పడకుండా బతికి, వేరే కారణంతో పోయినవాళ్లకు శవపరీక్ష చేస్తే ఈ మచ్చలు బయటపడిన సందర్భాలున్నాయి.

లక్షణాల్లేకుండా స్కాన్‌లో మాత్రమే కనపడేదానికి 2009లో అమెరికా డాక్టర్లు ‘రేడియలాజికల్లీ ఐసొలేటెడ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. అట్లాంటివాళ్లను పదేండ్లు గమనిస్తే సుమారు సగం మందికి ఏదో ఒక లక్షణం వచ్చింది. మిగతా సగానికి రాలేదు. మీ అమ్మకు ఈ రెండో మాట ముందు చెప్పు.

అసలవి ఎంఎస్ మచ్చలేనా అన్నది మొదట తేలాల. బీపీ, షుగరు, మైగ్రేన్ ఉన్నా తెల్ల మచ్చలొస్తాయి. రిపోర్టు కాగితం కాదు, సీడీలో బొమ్మలే న్యూరాలజిస్టుకు చూపించు. వెన్నుపాము స్కాన్ కావాలా అని అడుగు. అక్కడ కూడా మచ్చలుంటే, వయసు తక్కువైతే, ముందుముందు లక్షణాలొచ్చే అవకాశం ఎక్కువ. అట్లాంటివాళ్లలో కొందరికి ముందే మందు మొదలుపెడతారు. ఆ తీర్మానం డాక్టరుది, యూట్యూబుది కాదు.

సీడీ మాత్రం భద్రం. రేపు మళ్లీ తీసినప్పుడు కొత్తది పుట్టిందా అని పోల్చేది దీంతోనే. నాకు తెలిసిన ఒకాయన ఫిల్ములు ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు చెత్తలో పోయినాయి. పాత మచ్చేదో కొత్తదేదో తేల్చలేక డాక్టరు తల పట్టుకున్నాడు.

చెయ్యి మీద పడుకుంటే పది నిమిషాలు మొద్దుబారేదానికి భయపడొద్దు. ఒక కన్ను నొప్పితో మసకైనా, రెండుగా కనపడినా, తిమ్మిరి ఒక రోజు దాటినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పో. సిగరెట్టు ఎంఎస్‌కు మంచిది కాదు. నువ్వు తాగవని మీ అమ్మ నమ్ముతుంది, నేను నమ్మను.

గురువారం పొద్దున ఎనిమిదికి కర్నూలు పెద్దాసుపత్రి గేటు దగ్గరుంటా. సీడీ మరిచిపోయి వస్తే అదే బస్సుకు ఆదోనికి తిరిగి పంపిస్తా.

మీ మామ