బెరడు ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. తుమ్మ బెరడు పొడితో నీళ్లలో సీసం తీసేసే ప్రాజెక్టు చేస్తోంది. ఎమ్మెస్సీలోనూ అదే చదువుతుందట. బ్యాంక్ కోచింగ్ అంటే వినడం లేదు. దీనికి భవిష్యత్తు ఉందా సార్?

జవాబు: ఉన్నమాట చెప్పేస్తానండీ. బెరడు కోసం ఉద్యోగమిచ్చేవాళ్లు దొరకడం కష్టం. ఆ బెరడు ఎంత సీసం పట్టిందో కచ్చితంగా కొలవగలిగినవాళ్లకు మాత్రం పని ఉంది.

ముందు అమ్మాయిని ఇది అడగండి: పచ్చి బెరడు పొడి నీళ్లలో వేస్తే ఏమవుతుంది? కాసేపటికే టీ డికాషన్‌లా రంగు దిగుతుంది. అది టానిన్, బెరడులో ఉండే వగరు పదార్థం. తుమ్మ చెక్కతో తోళ్లు పదును చేసేది దానివల్లే. లోహాన్ని పట్టుకోవడంలోనూ ప్రధాన పాత్ర దానిదే. అదే నీళ్లలోకి జారిపోతే ఒక మురికి తీసి ఇంకోటి కలిపినట్టు. అందుకే ఆమ్లం, ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధి చేసి టానిన్ బెరడులోనే ఉండిపోయేలా చేస్తారు. (ఫార్మాల్డిహైడ్ కేన్సర్ కారకం. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ అర) లేనిచోట ముట్టుకోవద్దనండి.) ఇదంతా తడుముకోకుండా చెప్పిందంటే ప్రాజెక్టు తనే చేసిందన్నమాట. కొనుక్కొచ్చిన రిపోర్టులు నేను చాలానే చూశాను లెండి.

మరి సీసం పట్టిన బెరడును ఏం చేస్తారు? పలచని ఆమ్లంతో కడిగితే సీసం వదులుతుంది, బెరడు మళ్లీ పనికొస్తుంది. సీసం దిగిన ఆ ఆమ్లం ఎక్కడ పొయ్యాలి? ఇంటర్వ్యూలో నేనైతే ఇక్కడే పట్టుకుంటాను.

తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఐఎస్ 10500 అనే భారతీయ తాగునీటి ప్రమాణం. అంత తక్కువ కొలవాలంటే గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్, ఐసీపీ-ఎంఎస్ లాంటి, అతి తక్కువ లోహాన్నీ కొలిచే మెషీన్లు కావాలి. మందుల్లో లోహపు మలినాలు చూసేదీ ఐసీపీ-ఎంఎస్ మీదే కాబట్టి, చెయ్యి తిరిగితే నీటి ల్యాబులతో పాటు ఫార్మా కంపెనీలకూ వెళ్లొచ్చు. పరిశోధన మీదే మనసుంటే నాగపూర్‌లో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఉంది. ఎంటెక్ లాంటి పైచదువులకు రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరూ ఉంది.

ఎమ్మెస్సీకి నాగార్జున యూనివర్సిటీ అయితే ఏపీ పీజీసెట్, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశపరీక్షలు రాయాలి. బ్యాంకు గురించి టెన్షన్ వద్దు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు జనరల్‌లోనే 30 ఏళ్ల దాకా వయసుంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు మెషీన్ ఉందా అని అడిగి ఊరుకోకండి, ఉందనే అంటారు. దాని పక్కనుండే లాగ్‌బుక్, అంటే ఎవరు ఎప్పుడు వాడారో రాసే పుస్తకం, చూపించమనండి. చివరి ఎంట్రీ కిందటి వారానిదైతే ఫీజు కట్టండి.