నాలుగోసారి టేపు పట్టకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను. వయసు 41. పెళ్లిళ్ల సీజను వస్తే చాలు, గుండె దడ. కత్తెర పెట్టేముందు ఆది జాకెట్టును మూడుసార్లు, నాలుగుసార్లు కొలుస్తాను. అయినా నమ్మకం కుదరదు. అబ్బాయి విశాఖలో చదువుతున్నాడు. ఫోన్ ఎత్తకపోతే ఏ బస్సు కింద పడ్డాడో అనిపిస్తుంది. ఈసీజీ తీసి గుండె బాగుందన్నారు. మా ఆడపడుచు ఆన్‌లైన్ థెరపీ చూడమంటోంది. బజార్లో, ఆఫీసుల్లో ఒడియాతో నెట్టుకొస్తాను గానీ మనసులో మాట ఒడియాలో రాదు. అయినా ఫోన్‌లో మాట్లాడితే దడ తగ్గుతుందా మేడమ్? టెన్షన్ పడకు అని ఇంట్లోవాళ్లు ఎలాగూ చెబుతున్నారు.

జవాబు: టెన్షన్ పడకు అనిపించుకోవడానికైతే డబ్బు తగలెయ్యక్కర్లేదమ్మా. ఆ మాట మీ ఇంట్లోవాళ్లు ఉచితంగానే అంటున్నారు కదా.

మీకు పనికొచ్చేది వేరు. దాన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ అంటారు. భయపెట్టే ఆలోచనలనూ, వాటివల్ల పడ్డ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పుతుంది. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు దారి వేసిన పద్ధతి. కటింగ్ మీకు ఎవరో ఉపన్యాసం చెబితే రాలేదు, పాత చీర ముక్కలు పాడుచేసుకుంటూ నేర్చుకున్నారు. ఇదీ అంతే. వారానికో ముప్పావుగంట మాట్లాడతారు, అసలు పని మిగతా ఆరు రోజుల్లో మీ ఇంట్లోనే. చాలామందికి రెండు మూడు నెలలు పడుతుంది.

మీ ఉత్తరంలో నా కళ్లు టేపు దగ్గరే ఆగిపోయాయి. మొదటిసారి కొలిస్తే కొలత తెలుస్తుంది. రెండోసారి సరిచూసుకోవడం, మంచిదే. మూడోదీ నాలుగోదీ మాత్రం బట్ట కోసం కాదు, దడ కోసం. కొలవగానే దడ కాస్త దిగుతుంది. ఆ రుచి మరిగి మనసు మళ్లీ కొలవమంటుంది. అబ్బాయికి వెంటవెంటనే ఫోన్ కొట్టడమూ ఇదే బాపతు.

అందుకని థెరపిస్టు మీకిచ్చే హోంవర్కు ఇలా ఉండొచ్చు. రెండుసార్లు కొలిచి, సుద్దతో గీసి, టేపు మేకుకు తగిలించేసి కత్తెర పెట్టాలి. బరంపురం పట్టు జాకెట్టుతో మొదలుపెట్టమని ఎవరూ అనరు లెండి, రోజువారీ కాటన్‌తో. చేతులు టేపు వైపు పోతాయి, పోనివ్వకండి. దడ ఎక్కుతుంది, కాసేపు నిలబడుతుంది, మీరేమీ చేయకుండానే దిగుతుంది. అది ఒంటికి తెలిసి రావాలి, నేను చెబితే సరిపోదు. నోటుబుక్కులో ఒకపక్క ‘చంక దగ్గర బిగుతవుతుంది, ఆవిడ గొడవ చేస్తుంది’ అని మీ భయం రాయండి. డెలివరీ రోజున నిజంగా ఏమైందో రెండోపక్క రాయండి. నెల తిరిగాక ఆ పేజీలు చదువుకుంటే ఎన్ని జాకెట్లు వెనక్కి వచ్చాయో మీకే తెలుస్తుంది. ఒకటీ అరా వస్తాయి. కుట్టు విప్పి వదులు చేస్తారు, ఇన్నాళ్లూ చేస్తున్నదే కదా.

ఊపిరి వ్యాయామం కూడా నేర్పుతారు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం. మంచిదే, కానీ దాన్ని తాయెత్తులా పట్టుకోకండి.

ఇక ఆన్‌లైన్ సంగతి. మనిషి ఎదురుగా లేకుండా ఇదేం పని అని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో తప్పక నేనూ ఆన్‌లైన్‌లో థెరపీ చేయడం మొదలుపెట్టాను. ఒకావిడ పక్కగదిలో అత్తగారికి వినపడకుండా మిక్సీ ఆన్ చేసి మాట్లాడేది. ఆవిడ మాట నాకూ వినపడేది కాదు! మైకున్న ఇయర్‌ఫోన్ కొనుక్కున్నాకే పని సాగింది. ఆందోళనకు సీబీటీ ఆన్‌లైన్‌లో చేసినా దాదాపు ఎదురుగా కూర్చుని చేసినంతగా పనిచేస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. మీరైతే మధ్యాహ్నం గిరాకీ లేని వేళ తలుపు దగ్గరగా వేసుకోండి.

భాష విషయంలో మొహమాటం వద్దు. గుబులుకీ గాభరాకీ తేడా మీకు తెలుసు, అది వినగానే అర్థమయ్యే మనిషి కావాలి. ఆన్‌లైన్ వల్ల మీలాంటివాళ్లకు అసలు లాభం అదే. మీ పక్కనున్న పాతపట్నం కూడా దాటకుండా హైదరాబాద్ తెలుగు సైకాలజిస్టు దొరుకుతారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి. ఫీజు ముందే తేల్చుకోండి. హోంవర్కు ఊసే ఎత్తకుండా నెలల తరబడి కబుర్లు చెప్పించుకునేవాళ్లయితే మానేయండి.

డబ్బు కుదరకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. వారం వారం నేర్పే థెరపీకి అది బదులు కాదు గానీ మొదటి మెట్టుకు బాగుంటుంది. బతకాలని లేదు అనిపించే రోజు వస్తే మాత్రం థెరపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ నంబరుకే చేయండి, లేదా ఇంట్లోవాళ్లను తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఈసీజీ అయింది కదా, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసినా ఇలాగే దడ వస్తుంది.

అబ్బాయి ఫోన్ సంగతి తర్వాత చూద్దాం. ఈ వారం ఒక్క కాటన్ జాకెట్టు.