మా అమ్మాయి డిజైన్ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది నెల్లూరు, పదేళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. అమ్మాయి ప్లస్ వన్, మ్యాథ్స్ గ్రూప్. ఇంజినీరింగ్ వద్దు, జనానికీ పర్యావరణానికీ పనికొచ్చే డిజైన్ నేర్చుకుంటానంటోంది. మావారేమో బొమ్మలేసుకుంటే కూడు పెడుతుందా అంటున్నారు. ఏ దారి మంచిది?

జవాబు: అమ్మా, మీవారు అడిగినదాంట్లో తప్పేం లేదు, దానికి కిందకు వచ్చాక చెబుతాను. ముందు, జనానికి పనికొచ్చే డిజైన్ అంటే ఏమిటో తెలియడానికి ఒక బోరింగు సంగతి. మీ ఊళ్లో వీధి చివర ఉండే చేతిపంపు గుర్తుందిగా, పిల్లలు హ్యాండిల్‌కి వేలాడి, కాళ్లు గాల్లోకి లేపి మరీ కొట్టేది. దాని పేరు ఇండియా మార్క్-2. అంతకుముందు వాడిన పోత ఇనుప పంపులు ఏదో ఒక ఇంటి అవసరానికి చేసినవి, వాటిని ఊరంతా తెల్లారుజాము నుంచి రాత్రిదాకా కొడుతుంటే విరగక ఏమవుతాయి? 1970ల్లో షోలాపూర్‌లో పుట్టిన ఒక పంపును యూనిసెఫ్ సాయంతో మన మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వ కంపెనీ వాళ్లు మెరుగుపరిచి, కోయంబత్తూరు వైపు ఊళ్లలో పెట్టి పరీక్షించారు. ఉక్కు బాడీ, బేరింగులు, హ్యాండిల్‌కీ లోపలి రాడ్డుకీ మధ్య ఒక గొలుసు, అంతే. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. ఆ తర్వాత వచ్చిన మార్క్-3లో ఇంకో ఆలోచన చేశారు, లోపలి గొట్టాలన్నీ పైకి లాగకుండానే వాషర్లు మార్చుకోవచ్చు, కాబట్టి పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆడవాళ్లు బిందెలతో కాచుకుని కూర్చోనక్కర్లేదు.

దీని పక్కన దక్షిణాఫ్రికాలో మొదలైన ప్లేపంప్‌ను పెట్టి చూడండి. పిల్లలు రంగులరాట్నంలా తిప్పి ఆడుకుంటుంటే నీళ్లు పైకొస్తాయి. ఎంత ముద్దొచ్చే ఆలోచన! 2006లో దానికి పెద్ద పెద్ద వాళ్లు డబ్బిస్తామన్నారు కూడా. తీరా చూస్తే పిల్లలు కాసేపటికే విసుగెత్తి వెళ్లిపోయేవారు, పెద్దావిడలు బిందె పక్కనపెట్టి ఆ చక్రాన్ని నడుం వంచి తిప్పుకోవాల్సి వచ్చింది, చెడిపోతే బాగుచేసే దిక్కులేదు. ఉద్దేశం రెండింటిదీ మంచిదే. మీ అమ్మాయిదీ మంచిదే, కానీ నేను చూసేది ఉద్దేశం కాదు, ఎవరు వాడతారు, ఎవరు బాగుచేస్తారు, పాడయ్యాక ఎక్కడ పడేస్తారు అని అడిగే ఓపిక ఆ పిల్లకుందా అన్నది.

ఆ ఓపిక ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రేపు పొద్దున మీరు పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు తనని పక్కన నిలబెట్టండి. గోరంత ముక్క తెగి సింకులోకో తడిచెత్తలోకో పోతుంది కదా. ప్యాకెట్‌ను కడిగి ఆరబెడితే పాత సామాన్లవాడు తీసుకుంటాడు, ఆ గోరంత ముక్కను మాత్రం ఎవరూ ఏరరు. ముక్క తెగకుండా సగం దాకానే కత్తిరిస్తే సరిపోతుంది, కానీ ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది? మరి గుర్తు పెట్టుకోనక్కర్లేకుండా ప్యాకెట్టే ఎలా ఉండాలి? దీనిమీద ఓ నెల రోజులు నోట్‌బుక్ రాయమనండి, నాలుగిళ్లలో చూసి, పనమ్మాయినీ చెత్తబండి అతన్నీ అడిగి. మూడో రోజుకే మానేస్తే ఆ ఇష్టం ఎంతో మీకే తెలుస్తుంది. (దయచేసి స్మార్ట్ డస్ట్‌బిన్ మాత్రం చేయొద్దనండి, నా దగ్గరికొచ్చే ప్రతి రెండో పిల్లవాడి ఫైల్లో అదే.)

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐఐటీ బాంబే పెట్టే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీల్లో బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ, చదవొచ్చు, పరీక్ష రాయడానికి ప్లస్ టూలో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, అయితే రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుసగా రెండేళ్లలోనే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)కి వేరే పరీక్ష, ఎన్ఐడీల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. మీకు పక్కనే తరమణిలో నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ ఉంది, అక్కడా నేర్పేది బట్టలు కుట్టడం ఒక్కటే కాదు.

ఇంజినీరింగ్ వద్దని ఇప్పుడే తలుపు మూసేయొద్దని మాత్రం తనకి గట్టిగా చెప్పండి. మీ ఇంటికి దగ్గర్లోని ఐఐటీ మద్రాసులో ఆర్2డీ2 అనే కేంద్రముంది, వికలాంగులకు పరికరాలు చేస్తారు. వాడే మనిషి ఒంటి కొలతలకు తగ్గట్టు అమర్చే నియోఫ్లై వీల్‌చైర్, దాని ముందు తగిలిస్తే స్కూటర్‌లా రోడ్డుమీద పరుగెత్తే నియోబోల్ట్ అక్కడి పనే. ఆ కేంద్రాన్ని నడిపే సుజాతా శ్రీనివాసన్ గారు మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. కాబట్టి బీటెక్ చేసి, ఆ తర్వాత సీడ్ అనే పరీక్ష రాసి ఎండెస్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లడం కూడా దారే, మీవారికీ టెన్షన్ తగ్గుతుంది.

ఇక కూడు సంగతి. బీడెస్ చేసినవాళ్లలో చాలామంది మొదట యాప్‌లు చేసే కంపెనీల్లో చేరతారు, జీతం బాగానే ఉంటుంది. అచ్చంగా సేవ చేసే సంస్థల్లో ఉద్యోగాలు తక్కువ, జీతాలూ తక్కువే. అందుకే లక్షలకు లక్షలు లోన్ తీసుకుని ప్రైవేట్ కాలేజీలో చేర్పించొద్దని నా మాట, ఈఎంఐ నెత్తిన ఉన్న పిల్ల తనకిష్టమైన చిన్న ఉద్యోగాన్ని ఒప్పుకోలేదు. ప్రభుత్వ సీటు వస్తే సరే, రాకపోతే ఇంజినీరింగ్ దారిలో రమ్మనండి.

యూసీడ్, జేఈఈ మెయిన్ మొదటి విడత రెండూ జనవరిలోనే పడతాయి, దేనికి ఎన్ని గంటలు చదవాలో ఈ వేసవిలోనే తేల్చుకోండి. ఆ పాల ప్యాకెట్ నోట్‌బుక్ నిండితే పట్టుకుని రమ్మనండి, చూస్తాను.