టెక్ సందేహాలు: బిల్డ్ ఆగిపోతే ముందు ఏ లైను చదవాలి?

కాలేజీల్లో ప్రాజెక్టులు అప్పగించే రోజులు కావడంతో ఈ వారం ప్రశ్నల్లో చాలావరకు యాప్ బిల్డ్ (రాసిన కోడ్‌ను ఫోన్‌లో నడిచే యాప్‌గా మార్చే పని) గురించే ఉన్నాయి. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి వచ్చినవాటిని ఇక్కడ తీసుకున్నాను. ఎక్కువమంది స్క్రీన్ చివర ఎర్రగా కనిపించే 'బిల్డ్ ఫెయిల్డ్' అన్న లైనును మాత్రమే ఫోటో తీసి పంపారు. ఆ లైను అందరికీ ఒకేలా వస్తుంది, దాన్ని బట్టి జబ్బేమిటో చెప్పలేం. కాస్త పైకి వెళ్తే 'వాట్ వెంట్ రాంగ్' అని ఉంటుంది. దాని కింద ఉన్న రెండు మూడు లైన్లలోనే అసలు సంగతి ఉంటుంది. దయచేసి అవి పంపండి.

ఫ్లట్టర్‌లో (యాప్‌లు తయారుచేసే గూగుల్ సాధనం) మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొన్నటిదాకా బాగానే నడిచింది. ఫ్రెండ్ చెప్పాడని ఆండ్రాయిడ్ స్టూడియో అప్‌డేట్ చేశాను. అప్పటి నుంచి 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అని వస్తోంది. రెండుసార్లు అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. డేటా అయిపోయింది కానీ ఎర్రర్ పోలేదు. వచ్చే వారమే సబ్మిషన్, చాలా టెన్షన్‌గా ఉంది సార్. (గుణుపురం)

టెన్షన్ పడకండి. మీరు రాసిన కోడ్‌లో తప్పేమీ లేదు. ఆ 65 అన్న అంకెలోనే జవాబు ఉంది. అందులోంచి 44 తీసేస్తే 21 వస్తుంది. అంటే మీ బిల్డ్ ఇప్పుడు జావా 21తో నడుస్తోంది. జావా 8కి 52, 11కి 55, 17కి 61 అని వస్తాయి. లెక్క ఎప్పుడూ ఇదే.

2024లో వచ్చిన లేడీబగ్ వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ స్టూడియో జావా 21ని తనతోపాటే తెస్తోంది. అంతకుముందు కొన్ని వెర్షన్లలో 17 ఉండేది. మీ ప్రాజెక్టులో ఉన్న గ్రేడిల్, అంటే బిల్డ్ పనంతా నడిపించే సాధనం, పాతది. 8.5 కంటే ముందరి గ్రేడిల్ జావా 21 మీద నడవదు. స్టూడియోని ఎన్నిసార్లు తీసి పెట్టినా అది మళ్లీ 21నే తెస్తుంది కాబట్టి మీ కష్టమంతా వృథా అయింది.

మీ ఊరివాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. నౌపడ నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు ఉన్నది చిన్న లైను, రెండడుగుల ఆరంగుళాల గేజ్. దాన్ని పెద్ద లైనుగా మార్చినప్పుడు పాత ఇంజన్లు, పెట్టెలు కొత్త పట్టాల మీద నడవలేదు. జావాని పట్టాలు అనుకోండి. గ్రేడిల్ ఇంజను, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (ఆండ్రాయిడ్ యాప్ కోసం గ్రేడిల్‌కు తగిలించే భాగం) పెట్టెలు. మూడింటి గేజ్ ఒకటి కావాలి. మీరు పట్టాలు ఒక్కటే మార్చారు.

సబ్మిషన్ దగ్గర్లో ఉంది కాబట్టి ఇంజను జోలికి వెళ్లవద్దు, పట్టాలనే పాతవి చేసుకోండి. జేడీకే 17ని, అంటే జావా 17 కిట్‌ను, విడిగా ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత 'ఫ్లట్టర్ కాన్ఫిగ్' కమాండ్‌కు 'జేడీకే డిర్' ఆప్షన్ చేర్చి, ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. చాలామంది 'జావా హోమ్' (జావా ఎక్కడుందో చెప్పే కంప్యూటర్ సెట్టింగ్) ఒక్కటి మార్చి, ఏమీ జరగలేదని వాపోతారు. ఫ్లట్టర్ ముందుగా స్టూడియోతో వచ్చిన జావానే వెతుక్కుంటుంది, అందుకే ఈ కమాండ్ అవసరం. స్టూడియో లోపలి నుంచి బిల్డ్ చేసేవాళ్లు సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్ కింద 'గ్రేడిల్ జేడీకే' దగ్గర కూడా 17నే ఎంచుకోవాలి. చివరగా 'ఫ్లట్టర్ డాక్టర్'ను వివరంగా చూపే 'వి' ఆప్షన్‌తో నడిపి, జావా వెర్షన్ దగ్గర 17 కనిపిస్తోందో లేదో చూసుకోండి. మీ గ్రేడిల్ 7.3 కంటే పాతది కాకపోతే ఇంతటితో నడుస్తుంది. గ్రేడిల్‌ను, ప్లగిన్‌ను పెంచే పని మార్కులు వచ్చాక తీరిగ్గా పెట్టుకోండి.

నెట్ బలహీనంగా ఉన్నచోట ఇంకో చిక్కు వస్తుంది. గ్రేడిల్ జిప్ ఫైల్ వంద ఎంబీ దాటుతుంది. మధ్యలో సిగ్నల్ పోతే సగం ఫైలే మిగిలిపోయి, 'జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్' అన్న ఎర్రర్ వస్తుంది. అలాంటప్పుడు మొత్తం తీసేయనక్కర్లేదు. మీ యూజర్ ఫోల్డర్‌లో 'డాట్ గ్రేడిల్', దానిలో 'రాపర్', దానిలో 'డిస్ట్స్' అని ఉంటాయి. అక్కడ ఆ వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్ ఒక్కటి చెరిపేసి మళ్లీ బిల్డ్ చేయండి.

ఫ్రెండ్ ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. 'ఎస్‌డీకే లొకేషన్' (ఆండ్రాయిడ్ యాప్ తయారీ కిట్ ఉన్న చోటు) దొరకలేదంటోంది. అది దాటితే ఫోల్డర్ దారిలో 'నాన్ ఆస్కీ' అక్షరాలున్నాయంటూ ఆగిపోతోంది. (పర్లాకిమిడి)

ఇవి రెండు వేరు వేరు తప్పులు. 'లోకల్ డాట్ ప్రాపర్టీస్' అన్న చిన్న ఫైలులో మీ ఫ్రెండ్ కంప్యూటర్‌లోని ఎస్‌డీకే దారి రాసి ఉంది. మీ కంప్యూటర్‌లో ఆ దారి ఉండదు. ఆ ఫైల్ చెరిపేసి ప్రాజెక్టును స్టూడియోలో తెరిస్తే మీ దారితో కొత్తది రాసుకుంటుంది. ఎవరికైనా ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఆ ఫైలును, 'బిల్డ్' ఫోల్డర్‌ను తీసేసి ఇవ్వండి. సైజు కూడా బాగా తగ్గుతుంది.

రెండోదానికి కారణం ఫోల్డర్ పేరు తెలుగులోనో ఒడియాలోనో ఉండటం. విండోస్‌లో ఆండ్రాయిడ్ ప్లగిన్ ఇంగ్లిష్ అక్షరాలు కాని దారిని ఒప్పుకోదు. తనిఖీని ఆపేసే సెట్టింగ్ ఉన్నా నేను దాన్ని సూచించను, ముందు ముందు వేరేచోట దెబ్బ తగులుతుంది. ప్రాజెక్టును నేరుగా డ్రైవ్ కింద, ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లోకి మార్చండి. యాప్ పేరు, లోపలి మాటలు మాత్రం నిశ్చింతగా మన భాషలో పెట్టుకోవచ్చు.

మా కిరాణా కొట్టు అప్పుల లెక్కకు యాప్ చేస్తున్నాను. తెలుగు కనిపిస్తోంది. ఒడియా కోసం 'వాల్యూస్ ఓడీ' అని ఫోల్డర్ పెట్టాను. బిల్డ్‌లో ఎర్రర్ లేదు, కానీ ఫోన్‌ను ఒడియాలోకి మార్చినా ఇంగ్లిషే వస్తోంది. (రాయగడ)

బండ్ల నంబర్ ప్లేట్ల మీద 'ఓడీ' చూసి అలా పెట్టి ఉంటారు. 2011లో రాష్ట్రం పేరు మారాక ప్లేట్లు 'ఓఆర్' నుంచి 'ఓడీ'కి మారాయి. భాష కోడ్ మాత్రం ఇప్పటికీ 'ఓఆర్'. ఫోల్డర్ పేరును 'వాల్యూస్ ఓఆర్' చేయండి, సరిపోతుంది. మీ కొట్టుకు వచ్చేవాళ్లు తమ అప్పును తమ భాషలో చదువుకోవాలన్న మీ ఆలోచన నాకెంతో నచ్చింది.

2022లో ప్లే స్టోర్‌లో పెట్టిన యాప్‌కు కొత్త వెర్షన్ పంపాలి. హార్డ్ డిస్క్ పోవడంతో సైనింగ్ కీ (యాప్ మనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం) ఫైల్ కూడా పోయింది. వేరే కీతో పంపితే తిరస్కరిస్తోంది. యాప్ పోయినట్టేనా? (బరంపురం)

పోలేదు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లన్నీ యాప్ బండిల్ రూపంలోనే ఇవ్వాలి, వాటి అసలు సైనింగ్ కీ గూగుల్ దగ్గరే ఉంటుంది. మీ యాప్ ఆ తర్వాతది కాబట్టి మీ దగ్గర పోయింది అప్‌లోడ్ కీ (ప్లే స్టోర్‌కు పంపేటప్పుడు వేసే సంతకం) మాత్రమే. దాన్ని మార్పించుకోవచ్చు. ముందు కొత్త కీ తయారుచేసి, 'కీటూల్'తో దాని సర్టిఫికెట్‌ను పెమ్ ఫైల్‌గా తీయండి. తర్వాత ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీకి వెళ్లి, అప్‌లోడ్ కీ రీసెట్ కోసం అర్జీ పెట్టి ఆ ఫైల్ జతచేయండి. ఖాతా యజమాని లాగిన్‌తోనే ఇది కుదురుతుంది. కొత్త కీ పనిచేయడం మొదలవడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఈలోగా మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేయకండి.

2021కి ముందు సొంత కీతో ఏపీకే (ఫోన్‌లో నేరుగా ఎక్కే యాప్ ఫైల్) పెట్టి, గూగుల్ సైనింగ్‌లో చేరనివాళ్లకు మాత్రం ఈ దారి లేదు. వాళ్ల కీ పోతే కొత్త ప్యాకేజీ పేరుతో కొత్త యాప్ పెట్టుకోవాల్సిందే, పాత వినియోగదారులకు అప్‌డేట్ అందదు. మీలో అలాంటివాళ్లుంటే ఇవాళే కీ ఫైలును రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేసి, పాస్‌వర్డ్‌ను, కీ మారుపేరును కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే ప్రాజెక్టులోకి మాత్రం ఆ ఫైలును ఎక్కించవద్దు.