నీ మూడో పేరా గురించి

తమ్ముడూ,

ఆటిజం థెరపీల మీద నువ్వు పంపిన డ్రాఫ్ట్ రాత్రి రెండుసార్లు చదివా, రాయడం వచ్చు నీకు, అందులో డౌటేం లేదు. కానీ మూడో పేరాలో "ఈ థెరపీతో చాలామంది పిల్లల్లో అద్భుతమైన మార్పు వచ్చింది" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయా. చాలామంది అంటే ఎంతమంది? మారిందేంటి, మాటలా, నిద్రా, కోపమా? చూసి చెప్పిందెవరు? థెరపీ తీసుకోని పిల్లలతో పోల్చారా లేదా? ఇవేం లేకుండా ఆ వాక్యం ఏ సెంటర్ పాంప్లెట్‌లోనో వేసుకోవచ్చు, మనం వెయ్యలేం.

మనల్ని చదివేదెవరో ఒక్కసారి ఊహించుకో. డయాగ్నసిస్ వచ్చి వారం కాలేదు, పిల్లాడు పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చున్న అమ్మో నాన్నో. నువ్వు అద్భుతం అని రాస్తే వాళ్ళు తెల్లారే అప్పు ఎక్కడ పుడుతుందా అని చూస్తారు.

సీక్రెటిన్ కథ విన్నావా? అదో జీర్ణక్రియ హార్మోన్. కడుపు పరీక్షకని ముగ్గురు పిల్లలకిస్తే ఆ తర్వాత మాటలు పెరిగాయని, కళ్ళలోకి చూస్తున్నారని 1998లో ఒక రిపోర్ట్ వచ్చింది. ముగ్గురే, గుర్తుపెట్టుకో. దాంతో ఎక్కడెక్కడి పేరెంట్సూ ఆ ఇంజెక్షన్ కోసం ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లల్ని తీసుకుని కొందరికి సీక్రెటిన్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి ఎవరికేది ఇచ్చారో చెప్పకుండా నాలుగు వారాలు చూస్తే, సెలైన్ తీసుకున్న పిల్లల్లోనూ ఇంప్రూవ్‌మెంట్ కనిపించింది, సీక్రెటిన్ చేసిన ప్రత్యేకమైన మేలేం లేదు. అసలు విషయం ఇంకోటుంది. ఈ రిజల్ట్ చెప్పాక కూడా ఆ పేరెంట్స్‌లో 69 శాతం మంది మాకింకా ఆ మందు మీద ఆసక్తి ఉందనే అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, ఆశతో చూసే కంటికి మార్పు నిజంగానే కనిపిస్తుంది. అందుకే నేను "మా అబ్బాయికి పనిచేసింది" అన్న మాట ఒక్కదాన్నే నమ్ముకుని ఏదీ వెయ్యను, ఆ చెప్పినావిడ మీద గౌరవం లేక కాదు.

అలాగే నువ్వు వాడిన ఆ 47 శాతం. అది 1987లో లోవాస్ అనే సైకాలజిస్ట్ చేసిన స్టడీ, 19 మందిలో 9 మంది చదువులో, తెలివిలో మామూలు పిల్లల స్థాయికి వచ్చారన్నది. వారానికి 40 గంటల థెరపీ, ఏ పిల్లాడు ఏ గ్రూపులో అన్నది లాటరీ తీసి తేల్చింది కాదు, పైగా అప్పట్లో గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా అందులో భాగం. ఆ అంకె వెయ్యాలంటే ఇదంతా పక్కనే వెయ్యి, లేదంటే తీసెయ్యి.

రిస్పెరిడోన్ అనే మందు విషయంలో కూడా జాగ్రత్త. 2006లో అమెరికాలో దానికి పర్మిషన్ వచ్చింది ఆటిజంతో పాటు ఉండే తీవ్రమైన చిరాకు, దూకుడు లాంటివాటికి, ఆటిజానికి కాదు, నీ హెడ్డింగ్‌లో మాత్రం "ఆటిజానికి మందు" అని ఉంది.

ఆటిజం పోతుందని క్లోరిన్ డయాక్సైడ్ తాగించడం గురించి "కొందరు మంచిదంటారు, కొందరు వద్దంటారు" అని బ్యాలెన్స్ చెయ్యకు. అది బ్లీచ్. ప్రమాదం అన్న మాట మొదటి లైన్లోనే ఉండాలి, ఎలా కలుపుతారో, ఎంత ఇస్తారో ఒక్క ముక్క కూడా రాయకు.

నా తప్పు కూడా చెప్తా. కొత్తల్లో ఒక పిల్లాడికి మూడు నెలల్లో మాటలొచ్చిన కథ బ్రహ్మాండంగా రాశా. తర్వాత ఒకావిడ ఫోన్ చేసి, "మావాడికి రాలేదండీ, నేనే సరిగ్గా చేయించలేదేమో కదా" అంది. ఏం చెప్పాలో తెలీక నీళ్ళు నమిలా. ఒకప్పుడు తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే ఆటిజం వస్తుందని డాక్టర్లే అన్నారు, ఆ నింద పోవడానికి ఏళ్ళు పట్టింది, నేనేమో దాన్ని ఇంకో దారిలో మళ్ళీ ఆవిడ నెత్తినే పెట్టా.

నీ డ్రాఫ్ట్‌లో పిల్లాడు అరుస్తూ నేల మీద పడున్న ఫొటో తీసెయ్యి, రేపు వాడు పెద్దయ్యి చూసుకుంటాడు. "బాధపడుతున్న" అన్న పదం ఎనిమిది చోట్లుంది, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఒకరిద్దరి చేత చదివించు, ఎక్కడ గుచ్చుకుంటుందో వాళ్ళే చెప్తారు.

ఇంకోటి, నువ్వు కోట్ చేసిన థెరపిస్ట్ అదే థెరపీ మీద కోర్సు అమ్ముతోంది. ఆ సంగతి ఆవిడ పేరు పక్కనే రాసి శనివారం లోపు మళ్ళీ పంపు.